ఇంగ్లీషు మాటను పట్టు చేసుకునే పద్ధతి

నెల్లూరు నుంచి ఒంగోలుకు రైల్లో వెళ్తూ, టికెట్టు మీదా స్టేషను బోర్డుల మీదా కనిపించే ఇంగ్లీషు మాటల్లో తెలియనివి ఐదింటిని మాత్రమే నోటుబుక్కులో రాసుకొని, ఒక్కొక్కదానికీ అర్థంతో పాటు సొంత వాక్యాన్ని జోడించాలి.

ఉచ్చారణను రాతను బట్టి ఊహించకూడదు. రసీదుకు ఇంగ్లీషు మాట ‘రిసీట్’. రాతలో ‘పి’ ఉన్నా నోట పలకదు. ‘రికార్డ్’ నామవాచకమైతే ఊనిక, అంటే నొక్కి పలకడం, మొదటి భాగం మీద, క్రియ అయితే రెండో భాగం మీద పడుతుంది. తెలుగులో ఊనిక మారినంత మాత్రాన అర్థం మారదు కనుక మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. నిఘంటువులో ఊనిక గుర్తు చూసి, పైకి పలకాలి, అది రైలు పెట్టెలోనైనా సరే.

కేంబ్రిడ్జ్ ఆన్‌లైన్ నిఘంటువు చాలా మాటల పక్కన అన్నిటికంటే తేలికైన ఎ1 నుంచి అన్నిటికంటే కష్టమైన సి2 వరకు స్థాయిని చూపుతుంది. నడిమి స్థాయి అయిన బి1 మాటలు నోటికి రాకముందే సి2 జోలికి పోకుండా, ఆ సి2 మాటలను వేరే పేజీలో రాసి పెట్టుకోవాలి.