హైడ్రోజన్ లారీ పాఠాలు – 4: రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తే

పోయిన పాఠంలో హైడ్రోజన్‌ను కరెంటుగా మార్చే ఫ్యూయల్ సెల్లు ఒక్కోటీ లోడు మీద సుమారు 0.65 వోల్టులిస్తుందనీ, అలాంటివి 400 వరసగా పేర్చితే 260 వోల్టులనీ లెక్కేశాం. ఆ 260ని గుర్తుంచుకోండి, చివర్లో దాంతో పనుంది. ఈసారి వేడి సంగతి.

కర్నూలు నుంచి అనంతపురానికి 44వ జాతీయ రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు. నిండు లోడు లారీ 100 కిలోమీటర్లకు 8 కిలోల హైడ్రోజన్ తాగుతుందనుకుందాం. మొత్తం 12 కిలోలు. కిలో హైడ్రోజన్‌లో 33.3 యూనిట్ల శక్తి ఉంటుంది, మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్లే. అంటే 400 యూనిట్లు. అందులో ఇంచుమించు సగమే కరెంటవుతుంది, మిగతా 200 వేడి. మూడు గంటల ప్రయాణమైతే గంటకు దాదాపు 67 యూనిట్లు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెలు 67 ఆగకుండా కాలుతున్నట్టు.

డీజిల్ లారీలో ఇంకా ఎక్కువ వేడి పుడుతుంది కదా అంటారు. నిజమే. కానీ అందులో పెద్ద వాటా సైలెన్సర్ గుండానే వెళ్లిపోతుంది. ఇక్కడ గొట్టంలోంచి వచ్చేది తడి గాలి, దాంతో పోయే వేడి కొంచెమే. భారమంతా రేడియేటర్ మీద పడుతుంది. పైగా కూలెంట్ 70 డిగ్రీల దగ్గర ఉండాలి, బాగా మించితే సెల్లులోని పొర ఎండిపోతుంది. డీజిల్ ఇంజన్‌కు 90 మామూలే. మే నెలలో గుత్తి దగ్గర గాలి 42 డిగ్రీలుంటే డీజిల్‌కు తేడా 48, మన సెల్లుకు 28. వేడి బయటికి పోయేది ఆ తేడాను బట్టే. అందుకే ఈ లారీలకు అంత పెద్ద రేడియేటర్లు, అంత బలమైన ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లు తినే కరెంటూ సెల్లులదే. మన ఎండల్లో ఈ బండి నిలిచేదీ లేనిదీ ట్యాంకు కంటే రేడియేటరే తేలుస్తుందని నా నమ్మకం.

ఇక ఆ 260 వోల్టులు. కూలెంట్ సెల్లుల మధ్య సన్నటి కాలువల్లో పారుతుంది. అందులో ఉప్పు కలిస్తే కరెంటు దాని గుండా ఛాసిస్‌కు కారుతుంది. మన షెడ్లలో రేడియేటర్ తగ్గితే ఓ బిందెడు బోరు నీళ్లు పోసి పంపేస్తాం. ఈ బండికి ఆ పని ఎన్నడూ చేయొద్దు. మన బోరు నీళ్లలో ఏముందో తెలియాలంటే నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకున్న తెల్లటి పొర చూడండి. అంగట్లో దొరికే మామూలు కూలెంటూ వద్దు, తుప్పు పట్టకుండా కలిపే లవణాలు అందులో ఉంటాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి, కూలెంట్‌లో చేరే లవణాలను పట్టే అయాన్ ఫిల్టర్‌ను గడువుకు మార్చాలి. ఇన్సులేషన్ తగ్గిందని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలిగితే నారింజ రంగు వైర్ల జోలికి పోకండి. హైవోల్టేజి శిక్షణ ఉన్నవాళ్లను పిలవండి.

అభ్యాసం: డిసెంబరు తెల్లవారుజామున గాలి 18 డిగ్రీలుంటే తేడా ఎంత? అదే రేడియేటర్ మే మధ్యాహ్నం కంటే ఎన్ని రెట్లు వేడి వదలగలదు? కాగితం మీద చేసి ఉంచండి. అయిదో పాఠం ఆ జవాబుతోనే మొదలవుతుంది.