పసిగుడ్డుకు డయాలసిస్ అన్నారా? ఇంటివాళ్ళు చూసుకోవాల్సినవి

డాక్టర్ నోట డయాలసిస్ అనే మాట రాగానే మనవాళ్ళకు సగం ప్రాణం పోతుంది, ఎందుకంటే మనం చూసింది వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకునే పెద్దవాళ్ళనే. పసిపిల్లల సంగతి వేరు. పుట్టగానే ఏడవకపోవడం, రక్తంలో ఇన్ఫెక్షన్, పాలు అందక ఒంట్లో నీరు తగ్గడం, ఇలాంటి వాటితో దెబ్బతిన్న కిడ్నీలు చాలాసార్లు మళ్ళీ కోలుకుంటాయి, అప్పటిదాకా కిడ్నీల పని బయటినుంచి చేసిపెట్టి నెట్టుకురావడానికే ఈ డయాలసిస్. పుట్టుకతోనే కిడ్నీలు సరిగా లేకపోతే మాత్రం లెక్క మారుతుంది. కాబట్టి ఈ రెండింట్లో ఏదని మొదట అడగాలి.

తర్వాత మూత్రం లెక్క. కిలోకు గంటకు 1 మి.లీ. కూడా రాకపోతే తక్కువే, అంటే రెండున్నర కిలోల బిడ్డకు రోజంతా కలిపి 60 మి.లీ. అయినా రావాలి. సిస్టర్ తడి డైపర్ తూకం వేసి పొడిదాని బరువు తీసేస్తుంది, గ్రాముకు ఒక మి.లీ. చొప్పున. మీరే మార్చి చెత్తబుట్టలో పడేస్తే లెక్క పోయినట్టే. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ మొదటి రోజుల్లో తల్లిది కూడా కలిసి కనిపిస్తుంది, ఒక్క రిపోర్టుకే టెన్షన్ పడొద్దు. రక్తంలో పొటాషియం అనే లవణం ఎంతుందో మాత్రం రోజూ అడగండి, అది బాగా పెరిగితే గుండెకే ప్రమాదం.

ఇంత చిన్నపిల్లలకు మన దగ్గర ఎక్కువగా చేసేది పెరిటోనియల్ డయాలసిస్. పొట్టలోకి సన్నని గొట్టం పెట్టి, ఒంటి వేడికి తెచ్చిన ద్రవం పోసి, కాసేపు ఉంచి దించేస్తారు, రాత్రీ పగలూ ఇదే పని. మొదట్లో కిలోకు 10 మి.లీ. చొప్పున పోస్తారు. చార్ట్ చూడండి: 25 పోస్తే 31 దిగిందంటే ఒంట్లోంచి 6 మి.లీ. నీరు పోయినట్టు. ప్రతిసారీ పోసినదానికన్నా తక్కువే దిగుతుంటే గొట్టం అడ్డుపడిందేమో అడగండి. దిగింది బియ్యం కడిగిన నీళ్ళలా మబ్బుగా ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, రౌండ్స్ దాకా ఆగకుండా వెంటనే చెప్పండి.

నానమ్మలు వస, తేనె నాకిస్తామంటారు, గట్టిగా వద్దనండి. తల్లి పాలు పిండి ఉంచాలి, ఎన్ని మి.లీ. పట్టాలో డాక్టరే చెప్తారు.

వరంగల్‌లో మీరున్న దవాఖానలో వీలుకాదంటే హైదరాబాద్ నీలోఫర్ పిల్లల దవాఖాన లాంటి చోటికి రాస్తారు. దాదాపు 150 కి.మీ. దారి, అద్దె కారులో అసలే వద్దు. బయలుదేరకముందే ఇక్కడి డాక్టర్‌తో ఫోన్ చేయించి బెడ్ ఉందా, ఇంత చిన్న బిడ్డకు ఇవాళే డయాలసిస్ మొదలుపెడతారా అని రెండూ అడిగించండి, జనగామ దాటాక తెలిస్తే ఏం లాభం? మూత్రం లెక్క, బరువు, పొటాషియం రాసిన కాగితం వెంట ఉండాలి. బిడ్డ పేరు రేషన్ కార్డులో ఎక్కలేదని ఆగిపోకండి, తల్లి కార్డు, ఆధార్ పట్టుకొని దవాఖానలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి.

ఇంటికొచ్చాక బీపీ, మూత్ర పరీక్ష, ఎదుగుదల చూపించుకుంటూ ఉండాలి. జ్వరమొచ్చి ఏ క్లినిక్‌కు పోయినా కిడ్నీ సంగతి ముందే చెప్పండి, ఇబుప్రోఫెన్ లాంటి మందు మెడికల్ షాపులో అడిగి పోయొద్దు.