పాత ఫోటోల్లో జపాన్ కత్తుల కమ్మరులను గుర్తించడం: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

జపాన్‌లో కత్తులు చేసిన కమ్మరుల పాత ఫోటోలు మ్యూజియం భాండాగారాల్లోనూ, వేలంపాటల జాబితాల్లోనూ, పోస్టుకార్డుల కట్టల్లోనూ తరచుగా కనబడతాయి. వాటిలో చాలావాటి కింద ఒక ప్రసిద్ధమైన పేరు ఉంటుంది కానీ, ఆ పేరు అక్కడికి ఏ ఆధారంతో వచ్చిందో ఉండదు. పేరు పెట్టడం ఈ పనిలో చివరి మెట్టు. అంతకు ముందు బొమ్మ కుడి ఎడమలు సరిగా ఉన్నాయా, అది ఏ కాలానిది, అందులో ఎవరు ఏ పని చేస్తున్నారు అన్నవి తేలాలి. ఈ వరుస తప్పినందువల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయని నా అభిప్రాయం. సాధారణంగా ఎదురయ్యే చిక్కులను, వాటి కారణాలను, సరిచూసుకునే పద్ధతులను కింద వివరిస్తున్నాను.

సమస్య: కత్తి కుడి నడుమున ఉంది, కిమోనో మడత తిరగబడి ఉంది

జపాన్‌లో స్త్రీలైనా పురుషులైనా కిమోనో ఎడమ అంచు పైకి వచ్చేలా కడతారు. కుడి అంచు పైకి వచ్చేలా కట్టేది చనిపోయినవారికే. కత్తిని ఎడమ నడుమున దోపుతారు. ఈ రెండూ తారుమారుగా కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది ఫోటో తీసిన పద్ధతిని. 1860, 70లలో గాజు పలక మీద నేరుగా తీసిన ఆంబ్రోటైప్ చిత్రాలు అద్దంలో ప్రతిబింబంలాగా కుడి ఎడమలను మార్చి చూపుతాయి. గాజు నెగటివ్‌ను తప్పు వైపు నుంచి ముద్రించినా ఇదే జరుగుతుంది.

పరిష్కారం: బొమ్మను కంప్యూటర్‌లో తిప్పి, దుస్తుల మీది వంశ చిహ్నాన్ని, గోడ మీద రాత ఉంటే దాన్ని చదవాలి. ప్రధాన కమ్మరి సాధారణంగా ఎడమ చేతితో పెట్టె తిత్తి పిడిని లాగుతూ కుడి చేతితో ఇనుమును నడిపిస్తాడు కనుక అది కూడా ఒక సాక్ష్యమే. అయితే బొమ్మ తిరగబడుతుందని తెలిసిన కొందరు ముందే కత్తిని కుడి వైపుకు మార్చుకుని కూర్చునేవారు కాబట్టి, దుస్తులు, కత్తి చెప్పేదాని కంటే అక్షరాలు చెప్పేదానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

సమస్య: కమ్మరి శాల మరీ పొందికగా ఉంది, కింద ‘కత్తులు చేసేవాడు’ అని మాత్రమే ఉంది

ఇక్కడ కారణం యొకొహామా నగరపు ఫోటో వ్యాపారం. ఫెలిచే బియాటో అనే ఫోటోగ్రాఫర్ 1863లో అక్కడికి చేరినప్పటి నుంచి, విదేశీ యాత్రికులకు అమ్మడానికి చేతితో రంగులద్దిన ఆల్బ్యుమెన్ ప్రింట్లు (గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ముద్రించిన ఫోటోలు) పెద్ద ఎత్తున తయారయ్యాయి. వాటిలో వడ్రంగి, వైద్యుడు, కమ్మరి వంటి వృత్తుల బొమ్మలు చాలావరకు స్టూడియోలో చాపలు పరిచి, పనిముట్లు అమర్చి, కూలికి వచ్చిన మనుషులను కూర్చోబెట్టి తీసినవి. అలాంటి బొమ్మలో ఉన్నవాడు సుత్తి ఎన్నడూ పట్టనివాడు కూడా కావచ్చు.

పరిష్కారం: అదే తెర, అదే చాప, అదే ముఖం మరో వృత్తి బొమ్మలో ఉందేమో వెతకాలి. నాగసాకి విశ్వవిద్యాలయ గ్రంథాలయం తోకుగావా షోగున్ల పాలన చివరి దశకు (1868 వరకు), మెయిజీ యుగానికి (1868-1912) చెందిన పాత ఫోటోలను డిజిటల్ రూపంలో చూడనిస్తుంది. పోల్చడానికి అది మంచి చోటు. అదే మనిషి ఇంకొక బొమ్మలో చేపలమ్ముతూ కనబడితే పేరు కోసం వెతకడం అక్కడితో ఆపి, నమూనాగా కూర్చున్న వ్యక్తి అని రాసుకోవడమే న్యాయం.

ఆల్బమ్ మీది స్టూడియో పేరును బట్టి కాలాన్ని నిర్ణయించడం కూడా ప్రమాదమే. బియాటో స్టూడియోను, నెగటివ్‌లను 1877లో స్టిల్‌ఫ్రీడ్ అనే మరో ఫోటోగ్రాఫర్ కొన్నాడు. స్టిల్‌ఫ్రీడ్ నెలకొల్పిన వ్యాపారం 1885లో ఫర్సారి అనే ఇంకొక ఫోటోగ్రాఫర్ చేతికి వచ్చింది. ఇలా నెగటివ్‌లు చేతులు మారాయి కనుక, తరువాతి యజమాని ముద్ర ఉన్న కాగితం మీద అంతకు ఎన్నో ఏళ్ల ముందు తీసిన బొమ్మ ఉండడం వింత కాదు. దీనికి తోడు, 1876 మార్చిలో ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించాక చాలామంది కమ్మరులు వంటకత్తులు, కొడవళ్లు, కత్తెరలు చేసి బతికారు. 1880లలో నిజమైన కొలిమి దగ్గర తీసిన ఫోటోలో కూడా దాగలి మీద ఉన్నది యుద్ధఖడ్గమేనా అన్నది విడిగా పరిశీలించాలి.

పొడవాటి జుట్టుతో, తల మీద నక్క ఆకారంతో సమ్మెట ఎత్తిన మనిషి కనిపిస్తే అది రంగస్థల చిత్రం. కమ్మరి సాంజో మునెచికాకు నక్కను దూతగా గల ఇనారి దేవత సాయం చేసిన కథను నోహ్, కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల్లో ఆడతారు.

సమస్య: అందరూ తెల్లని దుస్తుల్లో ఉన్నారు కాబట్టి ఇది క్రతువు అనిపిస్తోంది

పండుగనాడు, ప్రముఖుల ఎదుట, లేదా దేవాలయానికి ఖడ్గం చేసేటప్పుడు కమ్మరులు తెల్లని దుస్తులు, ఎబొషి అనే నల్లని టోపీ ధరిస్తారు. చుట్టూ గడ్డితాడు కట్టి తెల్లకాగితపు మడతలు వేలాడదీస్తారు. కానీ పాత కొలోడియన్ పలకలు (కొలోడియన్ అనే రసాయనం పూసిన ఫోటో గాజు పలకలు) నీలి రంగును బాగా పట్టుకుని ఎరుపును దాదాపు వదిలేస్తాయి. అందువల్ల ఉతికి వెలిసిన నీలిమందు బట్టలు ఫోటోలో తెల్లగా పడతాయి. ఎర్రబడిన చర్మం నల్లగా, మచ్చలతో పడి మనిషి వయసు ఎక్కువగా కనిపిస్తుంది. టోపీ, తాడు, కాగితపు మడతలు లేకపోతే తెలుపును క్రతువుకు గుర్తుగా తీసుకోకూడదు. వయసు అంచనాను కూడా కొంత తగ్గించుకోవాలి.

సమస్య: బొమ్మలో నలుగురున్నారు, కమ్మరి ఎవరు?

సమ్మెట ఎత్తి నిలబడినవాడి మీదికే చూపు వెళుతుంది, పేరు కూడా అతనికే అంటుకుంటుంది. నిజానికి నిలబడి కొట్టేవాళ్లు శిష్యులు. గురువు కొలిమి పక్కన కూర్చుని, ఒక చేత్తో పట్టకారు లేదా ఇనుప కడ్డీ పట్టుకుని, చిన్న సుత్తితో దెబ్బకు సైగ ఇస్తాడు. కాబట్టి పేరును ముందుగా కూర్చున్న మనిషికి సరిచూడాలి. ముందు నీళ్ల తొట్టి, సానరాయి, దాన్ని కదలకుండా పాదంతో తొక్కిపట్టే కర్ర ఉంటే అతడు సాన పట్టేవాడు. అది వేరే వృత్తి, వేరే గురుపరంపర.

సమస్య: పేరు స్పష్టంగా ఉంది, కానీ కాలం కుదరడం లేదు

ఇదే అన్నిటికంటే లోతైన చిక్కు. దీనికి గస్సాన్ వంశం మంచి ఉదాహరణ. ఒసాకాలో పనిచేసిన గస్సాన్ సదకజు 1836లో పుట్టి 1918లో మరణించాడు. 1906లో మియమొతొ కనెనొరి అనే మరో కమ్మరితో పాటు చక్రవర్తి ఆస్థాన కళాకారుడిగా నియమితుడయ్యాడు. అతని మనుమడు గస్సాన్ సదయిచి 1907లో పుట్టి, 1971లో సజీవ జాతీయ నిధి అనే ప్రభుత్వ గౌరవం పొంది, 1995లో మరణించాడు. తాత పేరును సదకజు అని, మనుమడి పేరును సదయిచి అని పలుకుతారు కానీ, ఇద్దరి పేర్లనూ రాసే చైనా అక్షరాలు ఒకటే. ఫోటో వెనుక ఆ నాలుగు అక్షరాలే ఉంటే వాటి వల్ల మనిషి తేలడు, ఫోటో కాగితం ఏ కాలానిదో చూసి తేల్చాలి. మనుమడు యువకుడిగా సదమిత్సు అన్న పేరుతో పనిచేశాడు కనుక, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తీసిన యువకుడి ఫోటో మీద అప్పుడే రాసిన పేరు సదయిచి అయితే అదీ అనుమానించదగ్గదే.

పేరు మార్చుకోవడం ఈ వృత్తిలో సహజం. నగానో ప్రాంతపు కమ్మరి మియయిరి 1963లో సజీవ జాతీయ నిధి అయ్యేనాటికి అతని పేరు అకిహిర. 1973లో యుకిహిరగా మారి 1977లో మరణించాడు. టోక్యోలోని యసుకుని మందిర ఆవరణలో 1933 నుంచి 1945 వరకు నడిచిన కొలిమిలో పనిచేసిన కమ్మరులకు యసుహిరొ, యసుమిత్సు, యసుతొకు అంటూ ‘యసు’తో మొదలయ్యే పేర్లు ఇచ్చారు. అక్కడి సామూహిక చిత్రాల్లో దుస్తులు, టోపీలు కూడా ఒకేలా ఉండడంతో పేర్లు ఒకరివి ఒకరికి మారిపోవడం తేలిక. పరిష్కారం ఏమిటంటే, ఒక్కొక్క కమ్మరికి ఇంటిపేరు, పుట్టినప్పటి పేరు, కత్తుల మీద చెక్కిన పేర్లు, అవి వాడిన ఏళ్లు ఒక పట్టికగా రాసుకుని, ఫోటో మీది పేరు ఆ ఏటికి చెల్లుతుందా అని చూడాలి.

సమస్య: తేదీ లేదు, లేదా ఉన్న తేదీ అర్థం కావడం లేదు

పోస్టుకార్డు అయితే వెనుక వైపు చూడాలి. ప్రైవేటు చిత్రాల కార్డులకు 1900లో అనుమతి వచ్చింది. చిరునామా వైపు అడ్డగీత లేకపోతే 1907కు ముందుది. మూడోవంతు దగ్గర గీత ఉంటే 1907-1918 మధ్యది. సగానికి ఉంటే ఆ తరువాతిది. అడ్డంగా రాసిన శీర్షిక కుడి నుంచి ఎడమకు ఉంటే యుద్ధానికి ముందుదని చెప్పవచ్చు.

చక్రవర్తి పాలనాకాలాన్ని బట్టి లెక్కించే యుగసంవత్సరం ఉంటే మెయిజీకి 1867, తైషోకు 1911, షోవాకు 1925 కలపాలి. వయసు రాసి ఉంటే మరింత జాగ్రత్త అవసరం. 1950కి ముందు జపాన్‌లో పుట్టగానే ఒక ఏడుగా, ప్రతి కొత్త సంవత్సరానికి మరొకటిగా లెక్కించేవారు. మియమొతొ కనెనొరి వంటి చాలాకాలం బతికిన కమ్మరి విషయంలో ఈ తేడాను మరచిపోతే ఫోటో సంవత్సరం ఒకటి రెండేళ్లు పక్కకు పోతుంది. ఆంబ్రోటైప్ చెక్క పెట్టె మూత లోపల సిరాతో పేరు, వయసు రాసి ఉంటే అది విలువైనదే కానీ, మూత, గాజు పలక మొదటి నుంచీ ఒకే జత అవునా కాదా అని కొలతలు చూసి నిర్ధారించుకోవాలి.

సమస్య: ఇంత చేసినా పేరు తేలలేదు

అప్పుడు నమోదును రెండు భాగాలుగా రాయాలి. మొదటి దానిలో కంటికి కనిపించేవి మాత్రమే: ‘నలుగురు పురుషులు, కూర్చున్నవారి చేతిలో చిన్న సుత్తి, ఎడమన పెట్టె తిత్తి, సగం గీత ఉన్న కార్డు.’ రెండో దానిలో ఊహ, దాని ఆధారం, ఊహించిన తేదీ. ముందరి యజమాని రాసిన పేరును కొట్టివేయకుండా, అది ఎవరి చేతిరాతో వివరించి ఉంచాలి. ఫోటో రెండు వైపులా, అంచులు కత్తిరించకుండా స్కాన్ చేసి, టోక్యోలోని ఖడ్గ మ్యూజియం లేదా ఒకయామాలోని ఒసఫునె ఖడ్గ మ్యూజియం వంటి సంస్థలకు పంపేటప్పుడు మీ ఊహను ముందుగా చెప్పవద్దు. బొమ్మను, కొలతలను, వెనుక వైపు రాతను పంపి, వారి అభిప్రాయం వచ్చాకే మీ రెండో భాగంతో పోల్చుకోండి.