మధ్యధరా భోజనం కోనసీమ వంటింట్లో

మధ్యధరా సముద్రతీరాన ఉన్న గ్రీసు, ఇటలీ చూసి వచ్చినవారు అక్కడి వంట ఇంట్లో చేయాలని సాధారణంగా ఖరీదైన సీసాలతో అల్మరా నింపేస్తారు. నిజానికి కొనవలసింది మంచి ఎక్స్‌ట్రా వర్జిన్ (శుద్ధి ప్రక్రియలు చేయని, మేలురకం) ఆలివ్ నూనె ఒక్కటే. వెలుతురు, వేడి తగిలితే అది పాడవుతుంది కనుక ముదురు రంగు సీసాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి.

తొలి ప్రయత్నానికి గ్రీకుల ‘హోర్తా’ అనే ఉడికించిన ఆకుకూర తగినది. అక్కడ కొండల మీద ఏరిన ఆకులు వాడతారు. మనకు పెరటి తోటకూర చాలు. లేత కాడలతో సహా మరిగే ఉప్పునీటిలో నాలుగైదు నిమిషాలు ఉడికించి, చిల్లుల గిన్నెలో నీరంతా ఓడ్చి, వేడి తగ్గకముందే 2 చెంచాల ఆలివ్ నూనె, అర నిమ్మచెక్క రసం కలపాలి. పోపు పెట్టాలని చేయి లాగుతుంది. ఆ ఒక్కపూటకు ఆపుకోవాలి.

చేపలకు మనకు కొదవ లేదు. వంజరం ముక్కలకు ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి పట్టించి, పులుసుకు బదులు పెనం మీద సన్నని సెగన కాల్చవచ్చు. తెల్లన్నం కొంత తగ్గించి, దంపుడు బియ్యం, ఉడికించిన అలసందలు వడ్డించుకోవాలి.

2010లో మధ్యధరా ఆహారపద్ధతిని సాంస్కృతిక వారసత్వంగా గుర్తించిన యునెస్కో, కలిసి కూర్చుని తినడాన్నీ అందులో భాగంగానే చెప్పింది. కాబట్టి రాత్రిపూట టీవీ కట్టేసి, ఇంటిల్లిపాదీ ఒకేసారి భోజనానికి కూర్చోవాలి.