మైపాడు బీచ్‌లో రాత్రిపూట తాబేళ్లు చూడ్డానికి వెళ్లేముందు

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, వెళ్లేవాళ్లు ముందు ఫారెస్ట్ వాళ్లకి చెప్పండి.

ఫోన్ ఫ్లాష్ ఆఫ్ చెయ్యండి. టార్చ్ తప్పదంటే ఎర్ర కాగితం చుట్టండి, తెల్ల లైట్ పడితే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు, పిల్లలైతే సముద్రం వదిలేసి రోడ్డు లైట్ల వైపు పాకి కుక్కలకో కాకులకో బలైపోతాయి పాపం.

తల్లికి ఎదురుగా నిలబడొద్దు.

గుడ్లు అసలు ముట్టుకోవద్దండి, ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి, హేచరీకి (గుడ్లు భద్రంగా పొదిగించే చోటుకి) మార్చాలన్నా ట్రైనింగ్ ఉన్నోళ్లే తీయాలి, లోపల పిండం పెంకుకి అతుక్కుని ఉంటది, గుడ్డు తిరగబడితే చచ్చిపోద్ది. తాబేలు పిల్లల్ని తీసుకెళ్లి నీళ్లలో వేయకండి, ఇసుక మీద వాటంతటవే నడవాలి. తెగిన వల ముక్కలు కనిపిస్తే సంచిలో వేసుకుని వచ్చేయండి.