టెక్సాస్‌కు మారుతున్నారా? పిల్లల జీటీ దరఖాస్తు పాత ఊళ్లోనే మొదలుపెట్టండి

జార్జియాలో రెండేళ్లు గిఫ్టెడ్ క్లాసుకు (చురుకైన పిల్లలకు బడి నడిపే ప్రత్యేక క్లాసు, టెక్సాస్‌లో దీన్నే గిఫ్టెడ్ అండ్ టాలెంటెడ్, పొట్టిగా జీటీ అంటారు) వెళ్లిన పిల్లాడు, డాలస్ పక్కన కొత్త బడిలో చేరిన రోజు అందరితోపాటు మామూలు క్లాసులోనే కూర్చున్నాడు. మా మరిది కొడుకు సంగతి ఇది. వాళ్లు పాత బడి ఇచ్చిన ఎంపిక ఉత్తరాన్ని లామినేషన్ చేయించి మరీ తెచ్చారు. కొత్త బడి ఆఫీసులో ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "స్కోర్లేవి?" అంది. ఉత్తరంలో స్కోర్లు లేవు. ఆ కాగితాలు తెప్పించేసరికి దసరా వెళ్లిపోయింది.

తప్పు ఎవరిదీ కాదు. గిఫ్టెడ్ పిల్లలకు ప్రత్యేక చదువు చెప్పి తీరాలనే ఫెడరల్ చట్టం అమెరికాలో లేదు. ఏ రాష్ట్రం లెక్క దానిదే. జార్జియాలో ఒక కౌంటీలో అర్హత వస్తే ఆ రాష్ట్రంలో ఎక్కడికెళ్లినా చెల్లుతుంది, సరిహద్దు దాటితే మాత్రం చెల్లుబాటు గ్యారంటీ లేదు. టెక్సాస్‌లో జీటీ ప్రోగ్రాం నడపడం ప్రతి స్కూల్ డిస్ట్రిక్టుకూ (ఒక ప్రాంతంలోని పబ్లిక్ బడులను నడిపే సంస్థకు) తప్పనిసరే. వేరే చోటు నుంచి వచ్చిన పిల్లలను ఎలా చూడాలో, అప్పీలు ఎలా చేసుకోవాలో ఆ డిస్ట్రిక్టు బోర్డు పాలసీలో రాసుండాలి కూడా. కానీ తీసుకోవాలా వద్దా అన్నది తేల్చేది ఆ డిస్ట్రిక్టు కమిటీ. అందులో శిక్షణ పొందిన టీచర్లు, అధికారులు కనీసం ముగ్గురుంటారు. టెక్సాస్‌లోనే ఒక డిస్ట్రిక్టు నుంచి ఇంకోదానికి మారినా మామూలుగా మళ్లీ కమిటీ ముందుకు వెళ్లాల్సి ఉంటుంది.

ఇల్లు ఖాళీ చేసే ముందు

పాత బడి నుంచి ఎంపిక ఉత్తరం ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. పరీక్షల పూర్తి స్కోరు రిపోర్టు కావాలి. ఆలోచనా శక్తిని కొలిచే కాగ్యాట్ పరీక్ష రాసి ఉంటే వెర్బల్ (మాటలు), క్వాంటిటేటివ్ (అంకెలు), నాన్‌వెర్బల్ (బొమ్మలు) మూడింటి స్కోర్లూ విడివిడిగా కనిపించాలి. పరీక్ష రాసిన తేదీ, అప్పటి తరగతి, ఏజ్ పర్సంటైల్ ఉండాలి. ఏజ్ పర్సంటైల్, గ్రేడ్ పర్సంటైల్ వేర్వేరు: మొదటిది ఒకే వయసు పిల్లలతో, రెండోది ఒకే తరగతి పిల్లలతో పోలిక. మనవాళ్లలో చాలామంది 96 పర్సంటైల్ అంటే నూటికి 96 మార్కులనుకుంటారు. అది మార్కుల లెక్క కాదు. అదే వయసు పిల్లల్లో మన పిల్లాడు నూటికి ఎంతమందికి సమానంగానో, పైనో ఉన్నాడని చెప్పే లెక్క. ఎన్‌నాట్, ఐయోవా, మ్యాప్ లాంటి పరీక్షలు రాసి ఉంటే వాటి రిపోర్టులూ తీసుకోండి. టీచర్ నింపిన రేటింగ్ ఫారం కాపీ కూడా అడగండి.

"అవన్నీ మేమే కొత్త బడికి పంపుతాం" అంటారు. పంపుతారు, కానీ మార్కుల జాబితా, టీకాల కాగితాలు ముందు వెళ్తాయి. గిఫ్టెడ్ ఫైలు చాలాచోట్ల వేరే గదిలో, వేరే మనిషి దగ్గర ఉంటుంది. మీ పిల్లల రికార్డులు చూసే హక్కు 1974 నాటి ఫెర్పా చట్టం మీకు ఇచ్చింది. రాతపూర్వకంగా అడిగితే గరిష్ఠంగా 45 రోజుల్లో చూపించాలి. సామాన్లు సర్దే వారంలో కాదు, ఉద్యోగంలో ప్రాజెక్టు మారి ఊరు మారాలని తెలిసిన రోజే అడగండి. వేసవి సెలవులు మొదలైతే ఆఫీసులో ఫోనెత్తే దిక్కుండదు.

చేరిన రోజు

అడ్మిషన్‌కు కావాల్సినవి అందరికీ తెలిసినవే: లీజు లేదా ఇంటి కాగితం, కరెంటు బిల్లు, బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు. ఆన్‌లైన్ ఫారంలో "ఇంతకుముందు గిఫ్టెడ్ ప్రోగ్రాంలో ఉన్నారా" అనే గడి ఉంటే టిక్ పెట్టండి. టిక్ పెట్టేసి అంతా వాళ్లే చూసుకుంటారని కూర్చోకండి, అది దరఖాస్తు కాదు. అదే రోజు క్యాంపస్ జీటీ టీచర్‌కు, కౌన్సెలర్‌కు మెయిల్ పెట్టండి. పిల్లాడి పేరు, తరగతి, చేరిన తేదీ, పాత డిస్ట్రిక్టు పేరు, ఏ సంవత్సరంలో ఎంపికయ్యాడో రాసి, స్కోర్లు జతచేసి, బదిలీ విద్యార్థిగా జీటీ సమీక్ష చేయమని ఒక్క వాక్యంలో కోరితే చాలు. మనవాళ్లకు నేరుగా వెళ్లి మాట్లాడితే పనవుతుందనే నమ్మకం ఎక్కువ. ఇక్కడ మెయిల్ మీద ఉన్న తేదీకే విలువ.

ఎందుకంటే గడువు లెక్క ఉంటుంది. టెక్సాస్‌లో చాలా డిస్ట్రిక్టుల పాలసీలో, బదిలీ మీద వచ్చిన జీటీ విద్యార్థి విషయం చేరిన 30 రోజుల్లోపు కమిటీ తేల్చాలని ఉంటుంది. వచ్చిన రికార్డులు, కొత్త టీచర్ల పరిశీలన, పిల్లలతో, తల్లిదండ్రులతో మాటలు, వీటిని బట్టి నిర్ణయిస్తారు. అవసరమనిపిస్తే మళ్లీ పరీక్ష పెడతారు. మీ డిస్ట్రిక్టులో ఏముందో చూడాలంటే బోర్డు పాలసీల పేజీలో ఇ-హెచ్-బి-బి లోకల్ అనే కోడ్ వెతకండి. రెండు మూడు పేజీలే, టీ తాగేలోపు చదివేయొచ్చు. ఫోన్లో ఎవరైనా "ఇప్పుడు కుదరదు, వచ్చే ఏడాది చూద్దాం" అంటే ఆ పేజీయే మీకు పనికొస్తుంది.

వేరే రాష్ట్రాల్లో లెక్కలు వేరు. ఒహాయోలో తల్లిదండ్రులు అడిగితే చేరిన 90 రోజుల్లోపు పరీక్ష పెట్టాలి. వర్జీనియాలో పరీక్షకు మీరు సంతకం చేసిన తేదీ నుంచి 90 బడి రోజుల్లో ఫలితం తేల్చాలి. సైన్యంలో ఉన్నవారి పిల్లలకు రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంది కాబట్టి, సమీక్ష అయ్యేదాకా పాత ప్రోగ్రాం హోదానే కొనసాగిస్తారు.

ఇంటి భాష ఫారం గురించి భయం వద్దు

టెక్సాస్ బడిలో మొదటిసారి చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. 'తెలుగు' అని రాస్తే ఇంగ్లిష్ రాదని ముద్ర వేస్తారని, జీటీ చేజారుతుందని మన వాట్సాప్ గ్రూపుల్లో పెద్ద టెన్షన్. అందుకే ఇంట్లో నాయనమ్మతో పొద్దస్తమానం తెలుగే మాట్లాడే పిల్లలకు కూడా 'ఇంగ్లిష్' అని రాసేస్తారు. నిజమే, తెలుగని రాస్తే కొద్ది వారాల్లో ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలు దాటేస్తారు, అంతే. దాటకపోయినా జీటీకి అడ్డు కాదు. పిల్లలకు అర్థమయ్యే భాషలోనో, భాషతో పనిలేని నాన్‌వెర్బల్ పరీక్షతోనో అంచనా వేయాలని జీటీ మీద టెక్సాస్ రాష్ట్ర ప్రణాళికలోనే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో నేరుగా వచ్చే పిల్లలకు ఈ నాన్‌వెర్బల్ పరీక్షే దారి. వాళ్లకు పాత జీటీ రికార్డు ఉండదు కాబట్టి బదిలీ సమీక్ష వర్తించదు. కొత్త రిఫరల్ (పిల్లలను జీటీకి పరిశీలించమనే దరఖాస్తు) వేయాలి. ఏడాదిలో కనీసం ఒకసారి పరీక్షకు అవకాశం ఇవ్వాలనేది నియమం. కిండర్‌గార్టెన్ పిల్లలకైతే ఎంపిక పూర్తయి మార్చి 1 కల్లా క్లాసులు మొదలవ్వాలి. ఒలింపియాడ్ మెడల్స్ ఫైల్లో పెట్టండి, తప్పులేదు. కానీ అవి పరీక్ష స్కోరుకు బదులు కావు.

తల్లిదండ్రుల ఫారం

రిఫరల్ అయినా, బదిలీ అయినా మీకో ప్రశ్నాపత్రం వచ్చే అవకాశం ఎక్కువ. దాన్ని రాత్రి పదకొండింటికి ఫోన్లో నింపి పంపేస్తాం. "లెక్కల్లో చాలా చురుకు, క్లాస్ ఫస్ట్" అని రాస్తాం. ప్రతి తల్లీ రాసేది అదే, కమిటీకి అందులో కొత్తగా తెలిసేదేమీ లేదు. చూసినది రాయండి. మా అమ్మాయికి నాలుగేళ్లప్పుడు ఒక హోటల్ లిఫ్టులో 12 తర్వాత 13 లేకుండా 14 నొక్కే బొత్తం కనిపించింది. పైకి వెళ్లేదాకా మాట్లాడలేదు. దిగాక, "అయితే 14లో ఉన్నవాళ్లు అబద్ధం చెబుతున్నట్టేగా అమ్మా?" అంది. నేను ఫారంలో రాసింది ఆ ఒక్కటే, మూడు వాక్యాల్లో. తర్వాత మీటింగులో జీటీ టీచర్ ఆ లిఫ్టు సంగతే ఎత్తింది.

పరీక్షకు, చేర్చుకోవడానికి మీ సంతకం అడుగుతారు. పబ్లిక్ బడిలో దీనికి ఫీజు లేదు. బయట సైకాలజిస్టు దగ్గర వందల డాలర్లు పోసి పరీక్ష చేయించే ముందు, ఆ స్కోరు తీసుకుంటారో లేదో మెయిల్లో అడగండి. తీసుకోని డిస్ట్రిక్టులు చాలానే ఉన్నాయి.

రాలేదని ఉత్తరం వస్తే

ముందు స్కోర్లు చూపించమని అడగండి. దేంట్లో తగ్గిందో తెలియకుండా అప్పీలు వేస్తే గాల్లో రాయి విసిరినట్టే. మొదటి అప్పీలు ఆ ఎంపిక కమిటీకే వెళ్తుంది. అక్కడ తేలకపోతే ఎఫ్-ఎన్-జి లోకల్ అనే పాలసీ కింద పైమెట్టుకు వెళ్లొచ్చు. గడువు ఎన్ని రోజులో అదే పాలసీలో ఉంటుంది, ఉత్తరం అందిన రోజే క్యాలెండర్లో పెట్టుకోండి.

వచ్చిందని ఉత్తరం వస్తే లామినేషన్‌కు పరుగెత్తకండి. స్కోరు రిపోర్టు కూడా ఒక కాపీ ఇమ్మని అప్పుడే అడిగి ఫోల్డర్లో పెట్టేయండి. ఈ క్లయింటు దగ్గర ప్రాజెక్టు ఎన్నాళ్లుంటుందో మీకూ తెలియదు, మీ కంపెనీకీ తెలియదు.