పంది పిల్లలను మొదటి వారంలో ఎలా కాపాడుకోవాలి?

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లార్జ్ వైట్ యార్క్‌షైర్ అనే విదేశీ జాతి పందులను, దేశవాళీ పందులను సంకరపరచి మెరుగైన రకాన్ని రూపొందించింది. అయితే ఎంత మంచి రకాన్ని తెచ్చుకున్నా, పుట్టిన పిల్లలు మొదటి మూడు నాలుగు రోజుల్లో చలికి, ఆకలికి, తల్లి కింద నలిగి చనిపోతుంటే రైతుకు మిగిలేది ఏమీ ఉండదు.

చూడి కాలం సుమారు 114 రోజులు కాబట్టి, మగపందితో దాటించిన తేదీని రాసిపెట్టుకుని, ఈనడానికి వారం ముందే తల్లిని సబ్బునీటితో కడిగి, శుభ్రం చేసి ఆరబెట్టిన ఈత గదిలోకి మార్చాలి. ఆ గదిలో గోడకు 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎడంగా, నేల నుంచి అంతే ఎత్తులో ఇనుప గొట్టాన్ని బిగిస్తే, తల్లి గోడకు ఒరిగి పడుకున్నప్పుడు పిల్లలు తప్పుకోవడానికి చోటు ఉంటుంది.

పుట్టిన పిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లికి మాత్రం 20 డిగ్రీల దగ్గరే హాయి. అందువల్ల గది మొత్తాన్ని వేడి చేయకుండా, తల్లి చేరలేని ఒక మూలలో గడ్డి పరచి పైన బల్బు వేలాడదీయాలి. థర్మామీటరు లేకపోయినా ఫరవాలేదు: పిల్లలు ఒకదానిపై ఒకటి ఎక్కి పడుకుంటే చలి, బల్బుకు దూరంగా చెదిరి పడుకుంటే వేడి ఎక్కువైందని అర్థం.

పిల్ల పుట్టగానే ముక్కు, నోరు తుడిచి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ అద్ది, గంటలోపే ముర్రుపాలు తాగించాలి. పందుల్లో రోగనిరోధక శక్తి గర్భంలో ఉండగా తల్లి నుంచి పిల్లకు అందదు. ముర్రుపాల ద్వారానే అందుతుంది, దానిని పిల్ల పేగులు గ్రహించగలిగేది కూడా దాదాపు మొదటి 24 గంటలే. బలహీనమైన పిల్లలను పాలు ఎక్కువగా వచ్చే ముందు చన్నుల దగ్గర పెట్టాలి.

మూడో రోజున పశువైద్యుని సలహాతో మెడ కండరంలో ఇనుము ఇంజెక్షన్ వేయించాలి. సాధారణ మోతాదు 200 మిల్లీగ్రాములు. పిల్లకు రోజుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఇనుము అవసరం కాగా, తల్లిపాలలో దొరికేది ఒక్క మిల్లీగ్రామే. మట్టిని ముట్టెతో తవ్వుకుంటూ తిరిగే ఊరపంది పిల్లలకు ఆ లోటు నేల నుంచే తీరేది. ఒక విధంగా ఇనుము లోటుతో పిల్లలకు వచ్చే రక్తహీనత మనం వేసిన సిమెంటు గచ్చుతో వచ్చిన జబ్బు. ఇంజెక్షన్ ఆలస్యమైతే గదిలో కాస్త ఎర్రమట్టి ఉంచవచ్చు, కాని అది పందులు తిరగని చోటి నుంచి తెచ్చినదై ఉండాలి. లేకపోతే ఇనుముతో పాటు నులిపురుగుల గుడ్లు కూడా పిల్లల కడుపులోకి చేరతాయి.